ఫోన్, దిక్సూచి, హాల్ సెన్సర్: అయస్కాంత బలాన్ని ఏది సరిగ్గా కొలుస్తుంది?

అందరికీ నమస్తే. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద ఉన్నాను. ఇంత దూరం ఎందుకు వచ్చానో ఈ ఫోన్ చూస్తే తెలుస్తుంది. ఇది ఫైఫాక్స్ యాప్, జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా ఇస్తున్నది. మాగ్నెటోమీటర్ తెరిస్తే 42 మైక్రోటెస్లా అంటోంది. మైక్రోటెస్లా అంటే అయస్కాంత బలాన్ని కొలిచే యూనిట్. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు అంతే. పొద్దున ఇదే ఫోన్‌ను ఇంట్లో ఇనుప మంచం మీద పెడితే 70 దాటింది. ఇనుము పక్కన ఉంటే ఎంత మంచి సెన్సరైనా తప్పే చెప్తుంది.

కాబట్టి ఫోన్‌తో కొలిచేవాళ్లు ముందు అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్ తీసేయండి. గాలిలో 8 అంకె రాసినట్టు నాలుగైదు సార్లు తిప్పండి. ఆ తర్వాత వచ్చిన అంకెనే రాసుకోండి.

ఇక నాకు బాగా ఇష్టమైనది, స్కూల్ పిల్లల దగ్గరుండే ఈ చిన్న దిక్సూచి. బ్యాటరీ లేదు, యాప్ లేదు. చెక్క స్టూల్ మీద పెట్టాను. ముల్లు ఉత్తరం చూపిస్తోంది కదా, దానికి అడ్డంగా తూర్పు పడమర గీత గీశాను. ఆ గీత మీద దండాయస్కాంతాన్ని మెల్లగా దగ్గరికి జరుపుతున్నా... ముల్లు కదిలింది... ఇదిగో, సరిగ్గా 45 డిగ్రీలు. ముల్లు తిరిగిన కోణానికి టాన్ ఎంతో, అయస్కాంతం బలం భూమి బలానికి అన్ని రెట్లు. 45కి టాన్ విలువ 1. అంటే ముల్లు ఉన్నచోట ఈ అయస్కాంతం బలం, భూమి క్షేత్రంలో నేలకు సమాంతరంగా ఉండే భాగంతో సమానమైంది. అది మన దగ్గర సుమారు 40 మైక్రోటెస్లా. ఒక ముల్లు, ఒక గీత, అంతే. కొలత వచ్చేసింది!

దూరం చూశాను, 20 సెంటీమీటర్లు. ఇప్పుడు 40కి జరుపుతాను. ముల్లు 7 డిగ్రీల దగ్గరికి వచ్చేసింది. 7కి టాన్ దాదాపు ఎనిమిదో వంతు. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుందని ఇంటర్‌లో బట్టీ పట్టాం, ఇక్కడ కళ్లతో చూస్తున్నాం. ముల్లును నిట్టనిలువుగా పైనుంచే చూడండి, పక్కనుంచి చూస్తే రెండు మూడు డిగ్రీలు పోతాయి. అయస్కాంతాన్ని తిప్పి పెట్టి ఇంకోసారి చూసి సగటు తీసుకుంటే ఇంకా మంచిది.

మూడోది 49ఈ హాల్ సెన్సర్, అంటే అయస్కాంత బలాన్ని బట్టి వోల్టేజ్ మార్చే చిన్న ఎలక్ట్రానిక్ భాగం. మూడు కాళ్లుంటాయి. ఫోన్ ఛార్జర్ నుంచి 5 వోల్టులు ఇచ్చి, మల్టీమీటర్ పెడితే దాదాపు రెండున్నర వోల్టులు వస్తుంది. ఒక గాస్‌కు, అంటే 100 మైక్రోటెస్లాకు, సుమారు 1.4 మిల్లీవోల్టులు మారుతుంది. భూమి క్షేత్రానికి అర మిల్లీవోల్టు పైచిలుకు. మామూలు మల్టీమీటర్ 20 వోల్టుల రేంజ్‌లో అది కనిపించదు. అదే ఈ పాత స్పీకర్ అయస్కాంతం ఆనించండి, 0.7 వోల్టు మారింది. అంటే 500 గాస్! ఇంత బలాన్ని ఫోన్‌తో కొలవొద్దు. చాలా ఫోన్ల సెన్సర్లు కొన్ని వేల మైక్రోటెస్లాల దగ్గరే ఆగిపోతాయి, పైగా లోపలి ఇనుప భాగాలకు అయస్కాంతం పట్టి తర్వాతి రీడింగులన్నీ పాడవుతాయి.

ఒక్కటే కొనగలిగితే దిక్సూచి కొనండి. స్పీకర్లు, మోటార్లు విప్పే అలవాటుంటే 49ఈ కూడా తీసుకోండి.

మన పాత నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లోనే ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల అయస్కాంత పరిశీలన కేంద్రం ఉంది. వాళ్లు నానోటెస్లాల్లో, మైక్రోటెస్లాలో వెయ్యో వంతుల్లో, కొలుస్తారు. అంత కాకపోయినా మనం చేయగలిగింది ఒకటుంది. మన జిల్లాల్లో తెల్ల గ్రానైట్ మధ్య గోడలా సాగే నల్లరాయి పట్టీలుంటాయి, డోలరైట్. అందులో మాగ్నెటైట్ అనే, అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ఖనిజం ఉంటుంది. మీ చెలకలో అలాంటి పట్టీ ఉంటే దానికి అడ్డంగా పది అడుగులకోసారి ఆగుతూ ఫోన్ రీడింగ్ రాసుకోండి. రాయి దగ్గర అంకె ఎటు కదిలిందో కామెంట్‌లో పెట్టండి.