ఎవాన్‌స్టన్ లాక్రోస్ జట్టు

శ్రోతలకు నమస్కారం.

కొసకు వలబుట్ట అమర్చిన కర్రతో రబ్బరు బంతిని ఒడిసి పట్టి, తోటివారికి అందిస్తూ, ప్రత్యర్థి గోల్‌లోకి విసిరే ఆట లాక్రోస్. ఉత్తర అమెరికా ఆదివాసులు శతాబ్దాలుగా ఆడుతున్న ఈ ఆట కళాశాలల్లో చాలాకాలం ప్రధానంగా తూర్పు తీరపు రాష్ట్రాలకే పరిమితమై ఉండేది. అలాంటి ఆటలో, షికాగో పక్కన మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఎవాన్‌స్టన్ పట్టణపు నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం మహిళల జట్టు అగ్రస్థానానికి చేరింది.

1992 తరువాత అధికారిక హోదా కోల్పోయి, విద్యార్థినులు సొంతంగా నడుపుకునే క్లబ్బుగా మిగిలిన ఆ జట్టు 2002లో మళ్లీ పోటీల్లోకి వచ్చింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం తరఫున జాతీయ విజేతగా నిలిచిన కెల్లీ అమాంటే హిల్లర్ శిక్షకురాలయ్యారు. పేరున్న క్రీడాకారిణులు అంత దూరం రారు గనుక, లాక్రోస్ కర్ర పట్టి ఎరుగని కవల అక్కచెల్లెళ్లను క్యాంపస్‌లో చూసి, వారి దేహదారుఢ్యం గమనించి జట్టులోకి ఆహ్వానించారామె. 2005లో ఆడిన 21 మ్యాచుల్లోనూ గెలిచి జట్టు జాతీయ విజేత అయింది. 2012 నాటికి ఎనిమిదేళ్లలో ఏడు జాతీయ టైటిళ్లు దక్కాయి.

అమెరికాలో విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్సులనే కూటములుగా ఏర్పడి ఏటా తమలో తాము తలపడతాయి. కూటమి టోర్నమెంటు గెలిచిన జట్టుకు జాతీయ టోర్నమెంటులో నేరుగా చోటు లభిస్తుంది. ఒకరి ఎత్తులు మరొకరికి పూర్తిగా తెలిసిన జట్ల మధ్య ఏటేటా నెగ్గుకురావడం, నా అభిప్రాయంలో, జాతీయ టైటిల్ కంటే కఠినమైన పరీక్ష. 2015లో బిగ్ టెన్ కూటమి ఆరు జట్లతో మహిళల లాక్రోస్ ప్రారంభించినప్పుడు నార్త్‌వెస్టర్న్‌కు ఆ పరీక్ష మేరీలాండ్ రూపంలో ఎదురైంది. తొలి సంవత్సరాల్లో మేరీలాండ్‌దే పైచేయి.

2019లో బిగ్ టెన్ ఫైనల్‌లో నార్త్‌వెస్టర్న్ 16-11తో మేరీలాండ్‌ను ఓడించి తొలిసారి ఆ టోర్నమెంటు గెలిచింది. మూడు వారాలైనా గడవకముందే జాతీయ సెమీఫైనల్‌లో అదే మేరీలాండ్ 25-13తో బదులు తీర్చుకుని, ఆ ఏటి జాతీయ విజేతగా నిలిచింది. ఒకే కూటమిలోని రెండు జట్లు ఒకదానినొకటి ఎంతగా రాటుదేల్చాయో చెప్పడానికి ఈ రెండు మ్యాచులు చాలు. కోవిడ్ కారణంగా కూటమి జట్లతోనే ఆడవలసి వచ్చిన 2021లో నార్త్‌వెస్టర్న్ కూటమిలో ఒక్క మ్యాచూ ఓడలేదు. అయినా జాతీయ సెమీఫైనల్ దాటలేకపోయింది.

ఆ కొరత 2023లో తీరింది. మోకాలి గాయంతో అంతకుముందు ఏడాదంతా ఆటకు దూరమైన జట్టు క్రీడాకారిణి ఇజ్జీ స్కేన్ తిరిగి వచ్చి, దేశంలో అత్యుత్తమ క్రీడాకారిణికి ఇచ్చే తెవారాటన్ పురస్కారం అందుకున్నారు. సీజన్ తొలి మ్యాచులో సిరక్యూస్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడిన జట్టు ఆ తరువాత వరుసగా 21 మ్యాచులు గెలిచింది. ఉత్తర కరోలినాలోని కేరీలో జరిగిన ఫైనల్‌లో బోస్టన్ కాలేజీని 18-6తో ఓడించి, పదకొండేళ్ల తరువాత ఎనిమిదవ జాతీయ టైటిల్ సాధించింది.