"డచ్ పద్ధతి" అంటే బిల్లు పంచుకోవడం ఒక్కటేనా?

[తెర మీద: పళ్లెం అంచుల దాకా పరుచుకున్న ఒక పాన్‌కేక్, పక్కన నల్లని పాకం సీసా]

నమస్కారం. నలుగురు కలిసి హోటల్లో తిని బిల్లును నాలుగు భాగాలు చేసుకున్న ప్రతిసారీ మన వాళ్లలో ఎవరో ఒకరు "ఈ రోజు డచ్ పద్ధతి" అని నవ్వడం, ఆ నవ్వు వెనక "పిసినారి లెక్క" అన్న అర్థం దాగి ఉండడం చాలా ఏళ్లుగా వింటున్నాను. నెదర్లాండ్స్‌లో కొన్నేళ్లు కాపురం ఉన్నదాన్ని కాబట్టి ఆ నవ్వు నాకు చిరాకు తెప్పిస్తుంది. అక్కడి కుటుంబాలు బయట భోజనం చేసే తీరులోనూ, సెలవు రోజు గడిపే తీరులోనూ బిల్లు పంపకం అన్నది చాలా చిన్న భాగం.

ముందుగా ఆ మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషులో దీన్ని "డచ్ ట్రీట్" అంటారు, కాని అది డచ్ వారు, అంటే నెదర్లాండ్స్ ప్రజలు, పెట్టుకున్న పేరు కాదు. 19వ శతాబ్దంలో అమెరికా ఇంగ్లీషులో వాడుకలోకి వచ్చిన మాట. అంతకు చాలా ముందు, 1652కూ 1674కూ మధ్య, ఇంగ్లండు, నెదర్లాండ్స్ సముద్రం మీద మూడు యుద్ధాలు చేసుకున్నాయి. తాగితే వచ్చే ధైర్యాన్ని "డచ్ కరేజ్" అనడం వంటి ఇంగ్లీషు వెక్కిరింపులను చాలామంది ఆ వైరంతోనే ముడిపెడతారు. ఇదే బిల్లు పంపకాన్ని టర్కీ వారు "జర్మన్ పద్ధతి" అంటారు. ఇటలీ వారైతే ఏకంగా తమ రాజధాని మీదకే నెట్టి "రోమ్ పద్ధతి" అంటారు. అందరూ చేసే పనికి ఒక్క డచ్ వారే మన దగ్గర చెడ్డపేరు మోయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వస్తాను. డచ్ కుటుంబం పిల్లలతో కలిసి బయట తినాలనుకుంటే వారికి ముందుగా గుర్తుకొచ్చే చోట్లలో ఒకటి "పన్నెకూకెన్‌హౌస్", అంటే పాన్‌కేక్ ఇల్లు. ఊరి చివర, అడవి అంచున, పాత పొలం ఇంట్లో, పక్కన పిల్లలు ఆడుకునే ఇసుక, ఉయ్యాల ఉన్నచోట ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కో పాన్‌కేక్ దాదాపు 30 సెంటీమీటర్ల వెడల్పున, పళ్లెం నిండా ఉంటుంది. తండ్రి పంది మాంసం ముక్కలు, చీజ్ వేసినది చెబుతాడు, తల్లి ఆపిల్ ముక్కలు వేసినది, అమ్మమ్మ అల్లం మురబ్బా వేసినది, పిల్లలు ఉత్త పంచదార పొడి చల్లినది. ఎవరి పాన్‌కేక్ వారి ముందుకు వస్తుంది, దానిని సగం చేసి పక్కవారికి పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. అయితే బల్ల మధ్యలో "స్ట్రోప్" అనే పాకం సీసా ఒకటి ఉంటుంది. చూడడానికి మన బెల్లం పాకంలా నల్లగా, చిక్కగా ఉంటుంది. అది మాత్రం చేతి నుంచి చేతికి తిరుగుతూనే ఉంటుంది, పిల్లవాడు ఎక్కువ పోసుకున్నా ఎవరూ లెక్క అడగరు.

పాన్‌కేక్ ఎవరిది వారిది, పాకం సీసా అందరిదీ. ఈ ఒక్క బల్లను మనసులో పెట్టుకుంటే డచ్ మర్యాదలో చాలా భాగం అర్థమవుతుంది. మన ఇళ్లలో గిన్నె మధ్యలో పెట్టి, వద్దన్నా వడ్డించి, "ఇంకొంచెం" అని బలవంతం చేయడం ప్రేమకు గుర్తు. అక్కడ ఎదుటివారి పళ్లెం జోలికి వెళ్లకపోవడమే గౌరవం. ఏది గొప్పదన్న తీర్పు నేను ఇవ్వను. అయితే కడుపు నిండిన తరువాత మూడో గరిటె అన్నం మింగిన ప్రతి అల్లుడికీ ఆ రెండో పద్ధతి మీద రహస్యంగా మక్కువ ఉంటుందని మాత్రం చెప్పగలను.

[తెర మీద: అదే బల్ల, ఇప్పుడు మధ్యలో వేయించిన చిన్న ఉండల పళ్లెం]

ఇప్పుడు డబ్బు సంగతి. డచ్ భాషలో "ట్రాక్టేరెన్" అనే క్రియ ఒకటి ఉంది, అంటే ఖర్చు తనదిగా పెట్టుకొని ఇతరులకు తినిపించడం. "ఇక్ ట్రాక్టేర్" అని ఒకరు అన్నారంటే ఆ పూట బిల్లు వారిదే, దాని మీద వాదన ఉండదు. పుట్టినరోజు వచ్చిన ఉద్యోగి తానే కేకు కొని ఆఫీసుకు తెస్తాడు. పుట్టినరోజు పిల్ల బడిలో తరగతి మొత్తానికీ ఏదో ఒక తినుబండారం పంచుతుంది. పిసినారి జాతి ఇటువంటి ఆచారం పెట్టుకుంటుందా? తేడా అల్లా ఒకటే: మాట ముందే చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఎవరి పాన్‌కేక్ డబ్బు వారిది. మన వైపు ఏ మాటా అనుకోకుండా తిని, చివర గల్లాపెట్టె దగ్గర ఇద్దరు పెద్దమనుషులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని "నేనిస్తానంటే నేనిస్తాను" అని తోసుకుంటుంటే, వెనక వరుసలో నిలబడ్డవారు ఓపికగా చూడవలసి వస్తుంది.

ఒక్కొక్కసారి బిల్లు మొత్తం ఒకరే కట్టి, తరువాత మిగిలినవారి ఫోన్లకు వారి వాటా ఎంతో ఒక లింకు పంపుతారు. ఏబీఎన్ ఆమ్రో బ్యాంకు 2016లో తెచ్చిన "టికీ" అనే యాప్ వల్ల ఈ పని ఎంత సులువైందంటే, వాటా అడగడానికే "టికీ పంపడం" అన్న పేరు స్థిరపడిపోయింది. ఒక్క కాఫీకి సైతం టికీ పంపేవారిని డచ్ వారే ఎగతాళి చేస్తారు. అది పాకం సీసాకు లెక్క కట్టడం వంటిది.

పాకం సీసాకు ఇంకొక రూపం కూడా ఉంది. సాయంత్రం స్నేహితులో బంధువులో కలిసి ఏదైనా తాగుతూ కబుర్లు చెప్పుకునే వేళ బల్ల మధ్యకు "బిట్టర్‌బాలెన్" వస్తాయి, పైన కరకరలాడుతూ లోపల జారుగా ఉండే చిన్న ఉండలు, పక్కన ఆవాల ముద్ద. ఇవి అందరివీ. సాధారణంగా వీటిలో గొడ్డు మాంసం ఉంటుందన్న సంగతి తెలియక మన వాళ్లు చాలామంది ఆలూ బోండా అనుకొని నోట్లో వేసుకున్నారు. కాబట్టి శాకాహారం కావాలంటే విడిగా అడగాలి. లోపలి పదార్థం నోరు కాల్చేంత వేడిగా ఉంటుంది, కనుక మొదటి ఉండను కొరికి రెండు నిమిషాలు ఆగండి.

బల్ల దగ్గర మన వాళ్లు తడబడే మరికొన్ని విషయాలను క్లుప్తంగా చెబుతాను. రాత్రి భోజనం సాయంత్రం ఆరు గంటలకే మొదలవుతుంది, తొమ్మిదిన్నరకు వెళ్తే వంటగది మూసేసి ఉండవచ్చు. కూర్చోగానే నీళ్ల గ్లాసు దానంతట అది రాదు. కొళాయి నీళ్లు కావాలని అడగాలి, కొన్నిచోట్ల వాటికీ డబ్బు తీసుకుంటారు, ఈ ఒక్క విషయంలో మాత్రం నేను డచ్ వారిని సమర్థించలేను. మెనూలోని ధరలో పన్ను కలిసే ఉంటుంది. టిప్పు ఇష్టాన్ని బట్టి ఇవ్వవచ్చు, మొత్తాన్ని కాస్త పైకి సరిచేసి ఇచ్చినా చాలు.

[తెర మీద: సైకిలు ముందు చెక్కపెట్టె, అందులో ఇద్దరు పిల్లలు]

విహారంలోనూ అదే బల్ల. ఆదివారం కుటుంబం సైకిళ్ల మీద బయలుదేరుతుంది; చిన్న పిల్లలు "బాక్‌ఫీట్స్" అనే సైకిలు ముందున్న పెట్టెలో కూర్చుంటారు, కాస్త పెద్దవారు తమ సైకిలు తామే తొక్కాలి. దారి కూడళ్లకు అంకెలు ఉంటాయి, కనుక 24, 31, 57 అని చీటీ మీద రాసుకొని ఆ అంకెల బోర్డులను చూసుకుంటూ వెళ్తే చాలు. ఎవరి రొట్టె డబ్బా వారి సంచిలోనే ఉంటుంది, లోపల వెన్న, చీజ్ పెట్టిన రొట్టెముక్కలు. అయితే దారిలో ఒకచోట ఆగి కాఫీ, మీగడ వేసిన ఆపిల్ కేకు తీసుకోవడం మాత్రం తప్పదు, అది ఆ రోజు పాకం సీసా. ఇలా కలిసి కూర్చున్నప్పటి వెచ్చదనాన్ని వారు "హెజెల్లిహ్" అంటారు. దీనికి మన దగ్గర సరైన ఒక్క మాట లేదు. అరుగు మీద సాయంకాలపు కూర్చోవడాన్ని తలచుకుంటే దగ్గరగా వస్తారు.

సమయం అయిపోతోంది, మిగిలినవి వేగంగా చెబుతాను. కాట్స్‌హూవెల్‌లో 1952లో మొదలైన ఎఫ్టెలింగ్ పార్కుకు మీ తిండి మీరు తీసుకువెళ్లవచ్చు, అక్కడ నోరు తెరిచి "కాగితాలు ఇక్కడ!" అని అరిచే లావుపాటి బొమ్మ చెత్తడబ్బా కోసం పిల్లలు చెత్త వెతికి మరీ తెస్తారు. లిస్సె ఊరి తులిప్ తోట క్యూకెన్‌హోఫ్ మార్చి నడుమ నుంచి మే నడుమ వరకే తెరిచి ఉంటుంది, టికెట్టు ముందే తీసుకోండి. కిండర్‌డైక్‌లో 19 గాలిమరలు, సైకిలు మీద చూడడమే మేలు. సంతలో గుంతల పెనం మీద పొఫర్చెస్ అనే చిట్టి పాన్‌కేకులు కాలుస్తుంటారు. మన గుంత పొంగనాల పెనమే అనిపిస్తుంది, కాని వాటి మీద వెన్న, పంచదార పొడి వేస్తారు. వాటిని ఒకే పళ్లెంలో తెచ్చి నలుగురికి నాలుగు పుల్లలు ఇస్తారు, అక్కడ మాత్రం నా పాన్‌కేక్ సూత్రం పనిచేయదు, త్వరగా తిన్నవారికే ఎక్కువ దక్కుతాయి.