ఆరుబయట పసినిద్ర

(హన్మకొండలో తల్లులు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల సమావేశంలో ఒక పిల్లల డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని ఒళ్లో వేసుకుని వచ్చిన తల్లులకు ముందే చెప్తున్నాను. పిల్ల ఏడిస్తే లేచి బయటికి పోవద్దు. మైకు నా దగ్గరుంది కాబట్టి గొంతులో నేనే గెలుస్తాను.

ఈ మధ్య పరకాల దిక్కు నుంచి ఒక అవ్వ నా దవాఖానకు వచ్చింది. కూతురి కొడుక్కి జలుబు. మందు రాయించుకున్నాక కొంగులోంచి ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. చుట్టూ మంచు, మధ్యలో పిల్లల బండి, అందులోంచి ఒక ఎర్రటి ముక్కు. స్వీడన్‌లో ఉన్న కొడుకు బిడ్డ అట, పగటిపూట పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో మధ్యాహ్నం పూట నిద్ర అట. "గీళ్లు మనుషులేనా మేడం? పసిగుడ్డును మంచుల పండవెట్టి లోపట కూసున్నరు!" అని అవ్వ ఒకటే కోపం.

"మరి ఈ పిల్ల తండ్రిని నువ్వెక్కడ పండబెట్టినవ్ అవ్వా?" అని అడిగాను.

"యాడ పండవెడ్త? మిరప చేన్ల. తుమ్మ చెట్టుకు చీర కట్టి ఉయ్యాలేసిన. గప్పుడు గతి లేక బిడ్డా. గది వేరు."

అది నిజంగా వేరా? ఈ పూట నేను మాట్లాడాలనుకున్నది దీని గురించే.

ముందు ఆ మంచు దేశాల సంగతి. స్వీడన్, డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్‌లలో చంటిపిల్లల్ని పగటిపూట ఆరుబయట పడుకోబెట్టడం మామూలు విషయం. పెరట్లో, బాల్కనీలో, క్రెష్ ముందు వరుసగా బండ్లు నిలబెడతారు. కోపెన్‌హాగెన్‌లో తల్లి కాఫీ తాగడానికి హోటల్ లోపలికి పోతే, బండి అద్దాల కిటికీకి అవతలే ఉంటుంది. ఎవరూ వింతగా చూడరు. ఫిన్లాండ్‌లో ఔలు విశ్వవిద్యాలయానికి చెందిన మార్యో తౌరుల అనే పరిశోధకురాలు దీని మీద తల్లిదండ్రులను అడిగి వివరాలు రాసింది. పిల్ల పుట్టిన రెండు వారాలకే మొదలుపెడతారట. సున్నాకి అయిదారు డిగ్రీలు కిందికి ఉంటే వాళ్లకు అది మంచి వాతావరణం! ఇంట్లో గంట, రెండు గంటలు పడుకునే పిల్ల బయట గంటన్నర నుంచి మూడు గంటల దాకా పడుకుంటుందని వాళ్లు చెప్పారు.

ఎందుకు అంతసేపు? చలిగాలి మహిమ అని తల్లులు అంటారు. ఉన్ని బట్టలు, వాటి మీద సంచి, కదలడానికి వీల్లేకుండా బిగువుగా చుట్టేస్తారు. చేతులు ఎగిరి, తనే ఉలిక్కిపడి లేచే అవకాశం పిల్లకు తక్కువ. అది కూడా కారణం కావచ్చని ఆ పరిశోధకురాలే అన్నది. మన చీర ఉయ్యాల కూడా పిల్లను అట్లాగే నాలుగు వైపులా పట్టి ఉంచుతుంది కదా.

జలుబులు రావని కూడా వాళ్ల నమ్మకం. దానికి గట్టి రుజువు లేదు. అయితే ఒకటి నిజం. జలుబు చలితో పుట్టదు, వైరస్‌తో వస్తుంది. తలుపులు మూసిన గదిలో నలుగురు దగ్గుతుంటే పసిపిల్లకు అంటుతుంది.

ఈ అలవాటుకు పెద్ద దన్నుగా నిలబడ్డవాడు ఫిన్లాండ్ పిల్లల వైద్యుడు ఆర్వో యుల్ప్యొ. 1887లో పుట్టి 1992లో పోయాడు. నూట నాలుగేళ్లు బతికిన డాక్టరు మాట ఎవరు కాదంటారు! ఆయన పని మొదలుపెట్టిన రోజుల్లో ఫిన్లాండ్ బీద దేశం. పసిపిల్లలు బాగా చనిపోయేవారు. క్షయ ఉంది, ఎండ తగలక ఎముకలు మెత్తబడే రికెట్స్ ఉంది. అందుకే పిల్లను బయట గాలిలో, వెలుతురులో ఉంచమన్నాడు. 1938 నుంచి అక్కడి ప్రభుత్వం బీద తల్లులకు బట్టలు, పరుపు పెట్టిన అట్టపెట్టె ఇవ్వడం మొదలుపెట్టింది. 1949 నుంచి అందరికీ ఇచ్చింది, కాకపోతే ముందుగా గర్భిణి పరీక్షకు రావాలి. మన దగ్గర 2017లో, సర్కారు దవాఖానలో కాన్పయిన తల్లులకు ఇచ్చే కేసీఆర్ కిట్ వచ్చింది. వాళ్ల పెట్టెలో చలి సంచి ఉంటుంది, మన కిట్‌లో దోమతెర పరుపు ఉండేది. ఎవరి శత్రువు వాళ్లది.

ఇప్పుడు న్యూయార్క్ పోదాం. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడి భార్య అయిన ఎలినార్ రూజ్‌వెల్ట్, 1906లో పుట్టిన తన మొదటి బిడ్డను జాలీ పెట్టెలో పెట్టి కిటికీ బయట వేలాడగట్టేది. పిల్లలకు గాలి పట్టాలని అప్పటి డాక్టర్ల మాట. పిల్ల ఏడుపు విని పక్కింటావిడ, పిల్లలపై క్రూరత్వాన్ని అడ్డుకునే సంఘానికి చెప్తానని బెదిరించింది. 1930లలో లండన్‌లోనూ మేడల మీద ఉండేవాళ్లు ఇట్లాంటి జాలీ గూళ్లు కట్టుకున్నారు. ఇవాళ ఏసీ డబ్బా బిగించే చోట అప్పుడు పిల్లను పెట్టారన్నమాట.

అదే న్యూయార్క్‌లో 1997లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక తల్లి, పధ్నాలుగు నెలల పాపను హోటల్ బయట బండిలో ఉంచి, తను కిటికీ లోపల కూర్చుని తింటోంది. తండ్రి కూడా పక్కనే ఉన్నాడు. పోలీసులు వచ్చి ఇద్దరినీ అరెస్టు చేశారు. పాపను కొన్ని రోజులు వేరేవాళ్ల సంరక్షణకు పంపారు. తర్వాత కేసు ఎత్తేశారు, ఆమె తిరిగి నగరం మీదే దావా వేసింది. పిల్లా అదే, బండీ అదే. కోపెన్‌హాగెన్‌లో మంచి తల్లి, న్యూయార్క్‌లో నేరస్తురాలు.

నర్సమ్మలు కొందరు కూర్చున్నారు కాబట్టి మీ కోసం ఒక కథ. 1956లో ఇంగ్లండ్‌లో రాచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు, నెలలు నిండని పిల్లల్ని ఎండ వేళ ఆవరణలోకి తెచ్చేది. ఒకరోజు డాక్టర్లకు ఒక బిడ్డను చూపించింది. ఒళ్లంతా కామెర్ల పసుపు తగ్గింది, దుప్పటి కప్పిన చోట మాత్రం పసుపు అట్లాగే ఉంది. ఇవాళ మన ఆసుపత్రుల్లో కామెర్ల పిల్లల్ని పెట్టే నీలి దీపాలకు అదే మొదలు. డాక్టరు కంటే ముందు నర్సు చూసింది, గుర్తుపెట్టుకోండి. అట్లాగని కామెర్ల పిల్లను వాకిట్లో ఎండబెట్టి ఊరుకోవద్దు. పుట్టిన రోజే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా ఆసుపత్రికే.

ఇక మన ఇంటికి వద్దాం. బాలింత గది ఎట్లుంటదో మీకు నేను చెప్పాలా? కిటికీ మూసి, సందుల్లో గుడ్డ కుక్కి, తల్లి చెవుల్లో దూది, పిల్ల నెత్తికి కుల్లాయి. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసేదాకా గడప దాటించరు. ఎందుకంటే "గాలి సోకుతది." నేను దీన్ని చూసి నవ్వను. దిష్టి పేరు చెప్పి, వచ్చిపోయే జనం చేతులు పిల్ల మీద పడకుండా ఆపిన ముసలమ్మ, ఇన్‌ఫెక్షన్‌లను మా కంటే ముందే అడ్డుకున్నది. కానీ ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు చలికాలం రాత్రి అయిదారు డిగ్రీలకు పడితే, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడతారు చూడండి, అక్కడ నాకు భయం. ఆ బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానికి తోడు ఊదు పొగ, దోమల కాయిల్ పొగ. ఆ గదిలో ఉన్న పిల్ల కంటే వాకిట్లో నీరెండలో నులక మంచం మీద, పక్కన అమ్మమ్మతో పడుకున్న పిల్ల నూరుపాళ్లు నయం. తమాషా ఏంటంటే, అదే అమ్మమ్మ నీళ్లు పోసి సాంబ్రాణి పట్టాక పిల్లను వాకిట్లోకే తెస్తుంది. అప్పుడు మాత్రం ఏ గాలీ సోకదు!

ఎండాకాలం కథ తిరగబడుతుంది. మే నెలలో రేకుల ఇల్లు మధ్యాహ్నం కొలిమి. వేప చెట్టు నీడ దానికంటే ఎంతో మేలు. ఇది పల్లె తల్లులకు ఎవరూ చెప్పక్కర్లేదు. పసిపిల్ల ఒంట్లో వేడి చప్పున పెరుగుతుంది, చెమట సరిగా పట్టదు, దాహం అని చెప్పలేదు. అహ్మదాబాద్‌లో 2010 ఎండల్లో ఒక ఆసుపత్రిలో వేడి తగిలిన పసికందులు ఎక్కువగా చేరుతుంటే డాక్టర్లు కారణం వెతికారు. బాలింతల వార్డు పై అంతస్తులో, కప్పు కిందే ఉంది. కింది అంతస్తుకు మార్చాక ఆ కేసులు బాగా తగ్గాయి. కాబట్టి ఇంట్లోనా, బయటనా అని కాదు, ఆ గంటలో ఏది చల్లగా ఉంది అని చూడండి. ఇంకోటి, ఉయ్యాల మీదో బండి మీదో పూర్తిగా చీర కప్పకండి. ఎండ ఆగుతుంది కానీ లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది. దోమతెర సరిపోతుంది. అది తప్పదు కూడా, డెంగ్యూ దోమ పగలే కుడుతుంది.

మీలో కొందరికి అసలు ప్రశ్న వేరే ఉన్నదని తెలుసు. 2019 జూన్‌లో మన హన్మకొండలోనే, డాబా మీద తల్లిదండ్రుల పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పాపను ఒకడు ఎత్తుకుపోయి చంపాడు. ఆ తర్వాత డాబా మీద పడుకోవడం మానేశామని నాతో చెప్పిన తల్లులున్నారు. వాళ్లకు నేను ఫిన్లాండ్ కథలు ఎట్లా చెప్తాను? 2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపిన వీడియో అందరం చూశాం. కోపెన్‌హాగెన్ తల్లికి ఉన్నది గుండె ధైర్యం కాదు. వీధి మీద నమ్మకం. ఆ నమ్మకం లేని చోట పిల్లను లోపల పెట్టుకున్న తల్లిని వెనుకబడ్డది అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు ఆ మిరప చేను. మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు పంట అనే ముద్ర వచ్చింది, అందరం సంబరపడ్డాం. ఆ కాయ ఏరే చేతుల గురించి చెప్పాలి. కాయలు ఏరిన చెయ్యి రాత్రికి కూడా మండుతుంది. ఆ చేత్తో తల్లి పిల్ల కన్ను తుడవడానికి లేదు, పాలివ్వాలంటే ముందు కడిగి, కడిగి, అయినా భయపడాలి. ఉయ్యాల ఊపడానికి అయిదారేళ్ల అక్కను బడి మాన్పించి తెస్తుంది. పక్క చేనులో పత్తికి మందు కొడుతుంటే ఆ గాలి ఎటు తిరిగితే అటు ఉయ్యాల. పురుగుమందు డబ్బాలు చెట్టు కిందే పడి ఉంటాయి. ఇవన్నీ నేను చేనుకు పోయి చూసినవి, పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు తల్లులు చెప్పినవి. నెలల పిల్లకైతే చీర ఉయ్యాలలో ఇంకో చిక్కు. మెడ వంగి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి కష్టమవుతుంది. వీలైనంత వరకు చదునుగా, వెల్లకిలా పడుకోబెట్టండి.

స్వీడన్‌లో ఒక్కో బిడ్డకు తల్లికీ తండ్రికీ కలిపి 480 రోజుల సెలవు. అవ్వ మనవరాలిని మంచులో పడుకోబెట్టినవాళ్లకు ఇంట్లో వెచ్చటి గది ఉంది, క్రెష్ ఉంది, చూసే ఆయా ఉంది, అయినా కావాలని బయట పెట్టారు. అవ్వకు తుమ్మ చెట్టు తప్ప ఇంకోటి లేదు. అవ్వ అన్నది నిజమే, అది వేరే. తేడా మంచులో లేదు, ఎండలో లేదు. పిల్ల నిద్రపోయే ఆ రెండు గంటలు ఎవరు చూస్తున్నారు, వాళ్లకు ఎవరు కూలీ ఇస్తున్నారు అన్న దగ్గర ఉంది.

దీనికి మన చట్టాల్లో జవాబు అసలే లేదనుకోకండి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే, ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది పని దగ్గరికి వస్తే, వాళ్లను చూడడానికి ఆ ఆడవాళ్లలోనే ఒకరిని పెట్టాలని, ఆమెకూ కూలీ కట్టాలని, పిల్లలకు నీడ ఉండాలని రాశారు. 2017లో సవరించిన ప్రసూతి చట్టం, యాభై మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నది. మిరప చేనుకు మాత్రం ఇవేవీ రావు. అంగన్‌వాడీలో బడికి కూర్చోబెట్టేది మూడేళ్లు నిండిన పిల్లల్ని. ఆ లోపు పిల్లకు బాలామృతం ప్యాకెట్ ఇంటికి వస్తుంది, కానీ పడుకోవడానికి చోటు లేదు. ఏరుడు నడిచే ఆ రెండు మూడు నెలలైనా, ఊరికి ఒక నీడ, ఒక మనిషి పెట్టమని గ్రామ పంచాయతీలో అడగండి. కూలీల ముఠాలో పదిహేను మంది ఉంటే ఒకరి కూలీ అందరూ పంచుకుని, ఒక పెద్దామెను పిల్లల దగ్గర కూర్చోబెట్టే ఊళ్లు నేను చూశాను. ఆసామి ఆ కూలీ ఇస్తే ఇంకా మంచిది. అడిగితే ఇచ్చినవాళ్లూ ఉన్నారు.

చీటీలు వచ్చాయి. ఒకటి చదివి ముగిస్తాను. "మేడం, మా పాపకు మూడో నెల. మా అత్తమ్మ వాకిట్లోకి తేనియ్యదు, మా ఆయనేమో ఫారిన్ వీడియోలు చూసి బయట పండబెట్టు అంటడు. ఎవరి మాట వినాలె?"

అమ్మా, వీడియో మాట వినకు. చలికాలంలో పొద్దు కొంచెం ఎక్కాక, ఎండాకాలంలో పొద్దున ఎనిమిది లోపే, నీడలో, చదునైన మంచం మీద, దోమతెర వేసి పడుకోబెట్టు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు. తడిగా, వేడిగా ఉంటే బట్టలు ఎక్కువయ్యాయి. రోడ్డు పక్క ఇల్లయితే దుమ్ము, పొగ ఉంటాయి కాబట్టి పెరటి వైపు పెట్టు. మంచం పక్కన కూర్చోమని అత్తమ్మనే అడుగు, ఆమె కూర్చుంటే కుక్క కూడా ఆ దరిదాపులకు రాదు. ఇక మీ ఆయన అంత ఇష్టపడుతున్నాడు కాబట్టి, ఆదివారం పూట అత్తమ్మను లోపల పడుకోమని చెప్పి, ఆ మంచం పక్కన కుర్చీ ఆయనకు వెయ్యి.