కథ చెప్పి ప్రాణాలు కాచినవాళ్లు

శ్రోతలకు నమస్కారం. అరేబియన్ నైట్స్, అంటే వెయ్యిన్నొక్క రాత్రుల కథలు, అనగానే మనలో చాలామందికి అల్లావుద్దీన్ అద్భుతదీపం, ఆలీబాబా నలభై దొంగలు గుర్తొస్తాయి. తమాషా ఏమిటంటే, ఈ రెండూ వెయ్యిన్నొక్క రాత్రుల పాత అరబ్బీ రాతప్రతుల్లో లేవు. అలెప్పో నుంచి పారిస్ వెళ్లిన హన్నా దియాబ్ అనే యువకుడు 1709లో వీటిని ఫ్రెంచి అనువాదకుడు గాలాఁకు నోటితో చెప్పాడు. గాలాఁ ఆ పేరు పుస్తకంలో వేయలేదు. డైరీలో రాసుకున్నాడు కాబట్టి మనకు తెలిసింది.

పాత ప్రతుల్లోకి వెళ్దాం. భార్య చేసిన మోసానికి మండిపోయిన షహ్రయార్ రాజు రోజుకో అమ్మాయిని పెళ్లాడి, తెల్లారేసరికి చంపిస్తుంటాడు. మంత్రి కూతురు షహ్రజాద్ తండ్రి వద్దన్నా వినకుండా అతన్ని పెళ్లి చేసుకుంటుంది. మన ప్రబంధకవి అయితే ఇక్కడ ఆమె కళ్ల మీద, నడుము మీద పది పద్యాలు అల్లేవాడు. అరబ్బు కథకుడు మాత్రం ఆమె ఏమేం చదివిందో చెబుతాడు: చరిత్రలు, వైద్యం, నోటికి వచ్చిన కవిత్వం. ఆమె ఆయుధాలు అవే మరి.

రాత్రి కథ మొదలుపెట్టి, తెల్లారేసరికి సగంలో ఆపుతుంది. మిగతాది వినాలని రాజు ఆమెను మరో రోజు బతకనిస్తాడు. ఆమె చెప్పిన మొదటి కథ చూడండి. ఒక వర్తకుడు ఖర్జూరం తిని గింజ విసిరితే, అది తగిలి ఒక భూతం కొడుకు చచ్చిపోతాడు. భూతం కత్తి ఎత్తుతుంది. దారిన పోయే ముగ్గురు ముసలివాళ్లు బేరానికి దిగుతారు: నా కథ నచ్చితే ఇతని ప్రాణంలో మూడోవంతు నాకు వదిలెయ్. మూడు కథలు విని భూతం అతన్ని వదిలేస్తుంది. ఇదంతా వింటున్నది ఎవరు? తెల్లారితే కథ చెప్పేదాన్ని చంపాల్సిన రాజు! షహ్రజాద్ అతనికి నీతులు చెప్పదు. చెబితే బతికేదా?

ఈ కథల్లో మనిషి గుణం వర్ణనలో కంటే అతని నోటి మాటలోనే బయటపడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనవాడు బాగ్దాద్ మంగలి. ప్రియురాలిని కలవడానికి పరుగు మీదున్న కుర్రాడికి తల గొరగడానికి వస్తాడు. కత్తి పక్కనపెట్టి, ముందు సూర్యుడి ఎత్తు కొలుస్తాడు, గ్రహబలం చూస్తాడు. తన పాండిత్యం గురించి ఊదరగొడతాడు. పైగా తన పేరే మౌని అంటాడు, వాగుడుకాయలు తన ఆరుగురు అన్నదమ్ములట! చివరికి ఆ కుర్రాడి కాలు విరుగుతుంది. మంగలి మాత్రం తానే అతన్ని కాపాడానంటాడు.

అదే కథల్లో హారూన్ రషీద్ ఖలీఫా మారువేషంలో మంత్రి జాఫర్‌తో ఊరంతా తిరుగుతుంటాడు. ఒక కథలో, హంతకుణ్ణి మూడు రోజుల్లో పట్టుకో, లేదా నిన్ను ఉరితీస్తానని జాఫర్‌ను బెదిరిస్తాడు. కథలో జాఫర్ బయటపడతాడు. చరిత్రలో అదే హారూన్ 803లో అతన్ని చంపించాడు. ఆ సంగతి తెలిసిన శ్రోతకు ఈ బెదిరింపు వేరేలా వినిపిస్తుంది.

ఇక కాఫీ దుకాణాల్లో కథ చెప్పే హకవాతీల సంగతి. ఇంగ్లీషు పండితుడు ఎడ్వర్డ్ లేన్ 1830లలో కైరోలో చూసి రాశాడు: అబూ జైద్ అనే వీరుడి గాథ పాడేవాళ్లు సుమారు 50 మంది, బైబర్స్ సుల్తాను కథవాళ్లు 30 మంది, అంతరా అనే వీరుడి కథవాళ్లు ఆరుగురు. అబూ జైద్ గాయకులు రబాబ్ అనే తంతివాద్యం వాయిస్తూ నోటికి పాడేవారు. అంతరా కథకులు పుస్తకం చూసి చదివేవారు.

ఈ అంతరా నిజంగా ఉన్న ఆరో శతాబ్దపు కవి. తల్లి ఇథియోపియా బానిస, తండ్రి కొడుకుగా ఒప్పుకోలేదు. శత్రువులు మీద పడ్డ రోజున మాత్రం "దూకు" అన్నాడు తండ్రి. "బానిసకు యుద్ధమేం తెలుసు? పాలు పితకడం తెలుసు" అన్నాడు కొడుకు. "దూకు, ఇకనుంచి నువ్వు స్వతంత్రుడివి!" అప్పుడు దూకాడు.

డమాస్కస్‌లో ఒక ముచ్చట చెప్పుకుంటారు. హకవాతీ ఒక రాత్రి అంతరాను శత్రువుల చెరలో పెట్టి, మిగతాది రేపు అని పుస్తకం మూసేశాడు. అర్ధరాత్రి ఇంటి తలుపు దబదబా మోగింది. "మా వీరుణ్ణి సంకెళ్లలో పెట్టి నీకు నిద్రెలా పడుతోందయ్యా?" అని ఒక శ్రోత నిలదీశాడట. చేసేదేముంది, హకవాతీ దీపం వెలిగించి, అంతరా విడుదలయ్యేదాకా చదివి అతన్ని పంపించాడు.