మడమ మీద ఒక చుక్క: జాబితా అందరికీ ఒకటేనా?

యాంకర్: పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి, పుట్టుకతో వచ్చే మెటబాలిక్ జబ్బులకు, అంటే తిన్నది ఒంట్లో సరిగ్గా మారని జబ్బులకు, చేసే పరీక్ష అందరు పిల్లలకీ ఒకేలా ఉండాలా? ఇవాళ గొడవంతా దాని మీదే. మిగిలిన రక్తపు చుక్కలు ఎటు పోతున్నాయో కూడా తేలుద్దాం. సార్, చెప్పండి.

జన్యు నిపుణుడు: అందరికీ ఒకే జాబితా, అదీ పెద్దది. 1960ల్లో రాబర్ట్ గత్రీ ఫిల్టర్ పేపరు మీద ఎండిన రక్తంతో పీకేయూ అనే, మెదడును దెబ్బతీసే జబ్బు ఒక్కదాన్నే పట్టారు. ఇప్పుడు టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీకి, అంటే రక్తంలోని పదార్థాలను బరువును బట్టి గుర్తుపట్టే పద్ధతికి, అదే చుక్క ఇస్తే పదుల జబ్బులు బయటపడతాయి.

పసిపిల్లల డాక్టర్: జబ్బులు అన్నిచోట్లా ఒకేలా లేవు సార్. పీకేయూ ఫిన్లాండ్‌లో చాలా అరుదు, టర్కీలో ఎక్కువ. మూత్రం తీపి వాసన వచ్చే మేపుల్ సిరప్ జబ్బు అమెరికాలోని ఓల్డ్ ఆర్డర్ మెన్నోనైట్లనే క్రైస్తవ వర్గంలో సుమారు 380 మందిలో ఒకరికి...

జన్యు నిపుణుడు: నేననేదీ అదే! అందుకే అందరికీ అన్నీ చేయాలి.

పసిపిల్లల డాక్టర్: నేనన్నది అది కాదు!

యాంకర్: మరి ఆ చుక్కలు? అమెరికాలోని టెక్సాస్‌లో అనుమతి లేకుండా దాచారని 2009లో తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 50 లక్షలకు పైగా రక్తపు చుక్కల కార్డులు నాశనం చేశారు కదా!

జన్యు నిపుణుడు: దానికీ దీనికీ ఏం సంబంధమండీ?

పసిపిల్లల డాక్టర్: నెలలు నిండని పిల్లల సంగతి చెప్పనివ్వండి. వాళ్ల కాలేయం ఇంకా కుదురుకోదు, రక్తంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం పెరుగుతుంది, జబ్బు లేకున్నా ఉన్నట్టు తేలొచ్చు. రక్తం ఎక్కించాక చుక్క తీస్తే గెలాక్టోసీమియా, అంటే పాలలోని గెలాక్టోజ్ చక్కెరను ఒళ్లు వాడుకోలేని జబ్బు, పరీక్షలో కనబడేది దాత ఎంజైమ్! జబ్బున్న బిడ్డ కూడా బాగున్నట్టే తేలుతుంది. అందుకే ఎక్కించకముందే ఒక శాంపిల్ తీయాలి.

తల్లి: మా పాప 32 వారాలకే పుట్టింది. 'మళ్లీ శాంపిల్ కావాలి' అని ఫోన్ చేశారు, ఎందుకో చెప్పలేదు. మడమ మీద దూది, టేపు ఇంకా తీయనేలేదు. నాలుగు రోజులు టెన్షన్‌తో...

జన్యు నిపుణుడు: నాలుగు రోజుల టెన్షనా, జీవితాంతం మెదడు దెబ్బతినడమా, ఏది నయమమ్మా?

తల్లి: పరీక్ష వద్దనలేదండీ. ఆ ఫోన్లో ఒక్క ముక్క ఎక్కువ చెప్పొచ్చు కదా అంటున్నా.

యాంకర్: చుక్కలు దాచుకుంటామని మీకు చెప్పారా?

తల్లి: ఏ చుక్కలు?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వినబడేది ఒక్క గొంతే.)

జన్యు నిపుణుడు: మూడోసారి చెబుతున్నా, అందరికీ అన్నీ!

పసిపిల్లల డాక్టర్: కనీసం నెలలు తక్కువ పిల్లలకు జబ్బని తేల్చే కటాఫ్‌లైనా వేరుగా...

యాంకర్: టైమ్ అయిపోయింది మేడమ్. రెండు వైపులా సమానంగా విన్నాం. సార్, ముగింపుగా రెండు నిమిషాలు మీకు.