ఓపల్ డైరీ: చెట్టుని పలకరించే పిల్ల రాత | పుస్తక రివ్యూ

నమస్కారమండి. ఈ వారం పుస్తకం ‘ద స్టోరీ ఆఫ్ ఓపల్’. 1920లో అమెరికాలో అచ్చయిన డైరీ ఇది. రాసింది ఆరేడేళ్ళ పిల్ల అని పుస్తకం చెబుతుంది. కాదు, పెద్దయ్యాక రాసి చిన్నప్పటిదని చెప్పుకుంది అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ గొడవ సంగతి తర్వాత మాట్లాడదాం. ఈ పుస్తకం గురించి ఎవరు మొదలుపెట్టినా ముందు గొడవే ఎత్తుతారు, దాంతోనే సరిపెట్టేస్తారు. ఆ పిల్ల ఏం చెప్పిందో వినే ఓపిక ఎవరికీ మిగలదు. అందుకని ముందు ఆ పిల్ల మాటే విందాం.

ఓపల్ వైట్లీ 1897లో పుట్టింది. పెరిగింది ఆరిగన్ రాష్ట్రంలో, కాటేజ్ గ్రోవ్ అనే ఊరి దగ్గర. అడవిలో చెట్లు కొట్టి దుంగలు పంపడం అక్కడివాళ్ళ బతుకుతెరువు. వాళ్ళ నాన్నదీ అదే పని. ఐదుగురు పిల్లల్లో ఓపలే పెద్దది. ఇంటికి పెద్దపిల్ల అయితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కోళ్ళకి మేత వెయ్యాలి, పొయ్యిలోకి కట్టెలు తేవాలి, చంటిపాపని చూసుకోవాలి, పక్కవాళ్ళకి పాలు పోసి రావాలి. డైరీ నిండా ఈ పనులే ఉంటాయి. పనికీ పనికీ మధ్య దొరికిన కాస్త సందులో అడవిలోకి పరిగెత్తుతుంది. రాస్తుండగానే అమ్మ పిలుస్తుంది, రాత అక్కడికి ఆగిపోతుంది. పని ఆలస్యమైతే దెబ్బలు పడతాయి. ఆ దెబ్బల సంగతి కూడా వాన పడింది అన్నంత మామూలుగా రాసేసి, వెంటనే కాకి దగ్గరికి వెళ్ళిపోతుంది.

ఆ కాకి పేరు లార్స్ పోర్సెనా. రోమ్ మీద దండెత్తిన ఒక రాజు పేరది. పంది పేరు పీటర్ పాల్ రూబెన్స్, చిత్రకారుడు. ముసలి గుర్రం విలియం షేక్స్‌పియర్. ఒక పెద్ద ఫర్ చెట్టుకి మైకెలాంజెలో, రఫాయెల్ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టింది. ఏడుపొస్తే వెళ్ళి ఆ చెట్టుకే చెప్పుకుంటుంది. మన ఊళ్ళల్లో ఆవుకి గౌరి అని, గేదెకి లక్ష్మి అని పేరు పెట్టుకుంటాం కదా, పేరు పెట్టాక అది ఇంట్లో మనిషే. ఓపల్ చెట్టు దాకా వెళ్ళింది.

నన్ను బాగా పట్టుకున్నది బంగాళదుంపల పేజీ. తవ్విన దుంపలు ఏరి కుప్పలు పోసే పని చెప్పారు. ఆరేడేళ్ళ పిల్లకి అది నడుము విరిగే చాకిరీ. తను మాత్రం ఒక్కో దుంప చేతిలోకి తీసుకుని, ఇది మట్టి కింద పెరిగినన్నాళ్ళూ ఏమేం విని ఉంటుందో అని ఆలోచిస్తుంది. పని చేస్తూనే ఆలోచిస్తుంది, చేతులు ఆగవు.

ఇంకొకటి రంగు పెన్సిళ్ళ సంగతి. రాసుకోడానికి పెన్సిళ్ళు కావాలని ఫెయిరీలకి ఉత్తరం రాసి నాచుపట్టిన దుంగ దగ్గర పెడుతుంది. కొన్నాళ్ళకి అక్కడ పెన్సిళ్ళు ఉంటాయి. ఊళ్ళో ఒకాయన ఉంటాడు, బూడిదరంగు టై కట్టుకుంటాడు, ఎలుకల మీద దయగా ఉంటాడు. ఆయన్ని ఓపల్ ఎప్పుడూ ఇలాగే చెబుతుంది. ఆ పెన్సిళ్ళు ఎవరు పెట్టారో మనకి తెలిసిపోతుంది. ఆ పిల్లకి తెలీదు. పాఠకుడికి తెలిసి, రాసినవాళ్ళకి తెలియనట్టుండే ఇలాంటి చోట్ల కోసమే నేను డైరీలు చదువుతాను.

నేను విజయవాడలో నాలుగో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతాను. చెట్టు గురించి రాయండర్రా అంటే నలభై నోటుపుస్తకాల్లోనూ ఒకటే ఉంటుంది. ‘చెట్లు మనకు నీడనిస్తాయి, పండ్లనిస్తాయి, ప్రాణవాయువునిస్తాయి.’ తప్పేం కాదు, మేమే అలా నేర్పాం. ఓపల్ డైరీ మొత్తంలో చెట్టు మనకేం ఇస్తుంది అన్న ప్రశ్న ఒక్కచోట కూడా నాకు కనపడలేదు. చెట్టు ఇవాళ ఎలా ఉంది అనే ఉంటుంది. నూరేళ్ళు దాటినా ఈ పుస్తకం చేతులు మారుతూనే ఉండటానికి ఇదే కారణమని నా నమ్మకం. మన పిల్లల్లో ఆ చూపు లేదా అంటే, ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది కదా. బడి తెరిచాక అక్కడి నుంచి వచ్చే ఒక పాప ఇలా రాసింది: ‘మెట్ల మీద మాతోపాటు ఒక కుక్క, రెండు పిల్లులు, బోలెడు చీమలు ఉన్నాయి. చీమలు గోడెక్కి పైకి పోయాయి. కుక్క నన్ను చూసి అరవలేదు. నేనూ దాన్ని చూసి అరవలేదు.’ ఇది ఏ పాఠంలోంచి వచ్చిన వాక్యం కాదండి. ఓపల్ రాతకి, దీనికి ఎంత దగ్గర చుట్టరికముందో చూడండి.

సరే, ఇక గొడవ. 1919లో ఓపల్ తను రాసిన ఇంకో ప్రకృతి పుస్తకం పట్టుకుని బోస్టన్ వెళ్ళింది. అట్లాంటిక్ మంత్లీ పత్రిక సంపాదకుడు ఎలరీ సెడ్జ్‌విక్ ఆ పుస్తకం తీసుకోలేదు గానీ, చిన్నప్పుడు డైరీ రాశావా అని అడిగాడు. రాశాను, చెల్లెలు చింపేసింది, ముక్కలు దాచానంది. ఆ ముక్కలు తెప్పించారు. పొట్లాల కాగితాలు, కవర్ల వెనక భాగాలు, వాటి మీద రంగు పెన్సిళ్ళతో కిక్కిరిసిన పెద్దక్షరాలు. నెలల తరబడి కూర్చుని వాటిని అతికించింది. 1920 మార్చిలో పత్రికలో సీరియల్‌గా మొదలైంది. జనం ఎగబడి చదివారు. అంతలోనే అనుమానాలు. కాటేజ్ గ్రోవ్‌లో పత్రిక నడిపే ఎల్బర్ట్ బీడ్ ఆరా తీయడం మొదలుపెట్టి, చివరికి 1954లో ఒక పుస్తకమే వేశాడు. దానికి తోడు ఓపల్, తను ఆ ఇంటి పిల్లని కాదని, ఫ్రాన్స్ రాజవంశపు ఆన్రీ అనే రాకుమారుడి కూతుర్నని చెప్పుకునేది. ఇంట్లోవాళ్ళు ఎంత నొచ్చుకుని ఉంటారో ఊహించండి.

నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. రాజవంశం కథ నేను నమ్మను. డైరీలోని ఫ్రెంచి ముక్కలు, మహానుభావుల పుట్టినరోజుల జాబితాలు పెద్దయ్యాక చేరాయనే అనిపిస్తుంది. దుంపలు, కాకి, దెబ్బలు, పందితో బడికి వెళ్ళడం మాత్రం చిన్నపిల్ల చేతిలోవే. ఇరవై దాటినవాళ్ళు చిన్నపిల్లలా రాస్తే ముద్దు చేస్తారు. ఇక్కడ ముద్దు లేదు, పని ఉంది.

తర్వాత ఆమె బతుకు సుఖంగా సాగలేదు. మన దేశం కూడా వచ్చింది, ఉదయ్‌పూర్‌లో రాజుగారి అతిథిగా ఉంది. చివరికి లండన్ చేరింది. 1948లో ఆ ఊరి దగ్గర ఒక మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1992లో చనిపోయేదాకా ఆసుపత్రి నీడనే. ఇది చెప్పడానికి నాకు మనసొప్పదు, కానీ చెప్పకుండా ఈ పుస్తకం మీ చేతిలో పెట్టలేను. 1986లో బెంజమిన్ హాఫ్ అనే రచయిత ఆమె జీవితకథ జోడించి డైరీని మళ్ళీ అచ్చు వేయించాడు. దాంతో కొత్త తరం చదివింది.

లోపాలూ ఉన్నాయి. సగం దాటాక చెప్పిందే చెబుతున్నట్టుంటుంది. పొడుగాటి పేర్లు ప్రతిసారీ పూర్తిగా రాస్తుంది, విసుగొస్తుంది. ఒక్క బిగిన చదవకండి, రోజుకి రెండు మూడు పేజీలు చాలు. ఇంగ్లీషు కూడా కొంచెం తిరకాసుగా ఉంటుంది, గట్టిగా పైకి చదివితే తేలిగ్గా పట్టుబడుతుంది. పాత పుస్తకం కాబట్టి నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

పిల్లలకి చదివి వినిపిస్తుంటే వీలు చూసుకుని గుంటూరు దగ్గర ఉప్పలపాడు తీసుకెళ్ళండి. ఊరి చెరువులో, ఇళ్ళ పక్కనే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. అడవి దాకా పోనక్కర్లేదు, ఇరుగుపొరుగులా పక్షులతో ఉండటం అంటే ఏంటో పిల్లలకి అక్కడే తెలుస్తుంది.

మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలని లేదు. పంది ఓపల్ వెనకాలే బడికి వచ్చే ఘట్టం ముందు చదవండి. నాలుగో తరగతి పిల్లలు అది వింటే ఇక వదలరు, కాకి సంగతేంటి, ఎలుక సంగతేంటి అని వాళ్ళే అడుగుతారు. పందిని కోసే పేజీలు కూడా ఉన్నాయి, దెబ్బల పేజీలూ ఉన్నాయి. అవి ముందు మీరు ఒంటరిగా చదువుకుని, మీ పిల్లలకి ఎప్పుడు వినిపించాలో మీరే తేల్చుకోండి. నేను మా క్లాసులో పంది కోత పేజీ ఇంకా చదవలేదు. వాళ్ళు ఐదులోకి వచ్చాక చదువుతాను. ఉంటానండి.