పార్కు గేటు ముందు జావ గిన్నె

శ్రోతలకు నమస్కారం.

మహబూబ్‌నగర్‌లో ఒక పార్కు గేటు ముందు పొద్దున ఆరింటికల్లా రాగి జావ అమ్మే ఆమె కూర్చుంటుంది. స్టీలు గిన్నె, దానిమీద తడిగుడ్డ, పక్కన తరిగిన ఉల్లిపాయ, మజ్జిగ చెంబు. నడక ముగించినవాళ్లు చెమట తుడుచుకుంటూ తలా ఒక గ్లాసు తాగిపోతారు. ఎనిమిదిన్నరకు గిన్నె అడుగు కనబడుతుంది. మొన్న ఏదో మరమ్మతని నాలుగు రోజులు గేటు మూశారు. "గిరాకీ ఎట్లుందక్కా?" అని అడిగాను. "ఏం గిరాకీ సారూ, సగం గిన్నె ఇంట్ల పిల్లలకే పోసిన" అంది.

ఆ సగం గిన్నె ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు. అక్కడ పార్కంటే తోటమాలి జీతం, బోరు కరెంటు బిల్లు, విరిగిన ఉయ్యాల.

మరి పార్కు విలువ ఎట్లా కట్టాలి? అప్పన్నపల్లి దగ్గరి మయూరి పార్కుకు ఆదివారం ఒక కుటుంబం పోయిందనుకోండి. ఆటో కిరాయి, టికెట్లు, తిండి, పోయిన సగం రోజు పని, అన్నీ కలిపితే వచ్చేది ఆ చెట్లకు వాళ్లు కట్టిన కనీస వెల. ఇంకో దారి ప్లాటు ధర. ఒకే కాలనీలో ఒకే కొలత ప్లాట్లలో పార్కు ఎదుటిదానికి గజం మీద ఎంత ఎక్కువ పలికితే అంత. న్యూయార్క్‌లో 843 ఎకరాల సెంట్రల్ పార్కు వేసినప్పుడు 19వ శతాబ్దంలోనే చుట్టూ భూముల ధరలు, వాటితోపాటు పన్నులు పెరిగాయి. మన వెంచర్లవాళ్లకూ ఇది తెలుసు. "పార్క్ ఫేసింగ్" అని బ్రోచరులో ముందే అచ్చేస్తారు. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాక ఆ పార్కు జాగలోనే ఒక షెడ్డు లేస్తుంది, కొన్నాళ్లకు దానికి ఇంటి నంబరు కూడా పడుతుంది. నాకు కోపం తెప్పించేది ఇదే.

అయితే ధర పెరిగితే లాభం ప్లాటు ఓనరుకే. కిరాయికుండేవాళ్లకు కిరాయి పెరుగుతుంది. వాళ్లకు దక్కేది నీడ. మే నెలలో రేకుల ఇంట్లో ఉండేవాళ్లకు చెట్టు కింద గడిచిన మధ్యాహ్నం ఎంత విలువో కూలరు బిల్లు చూస్తే తెలుస్తుంది. వాన నీళ్లు సిమెంటు రోడ్డు మీద పడితే నాలాకు పోతాయి, పార్కు మట్టిలో పడితే ఇంకుతాయి. చుట్టుపక్కల బోర్లు ఎండకుంటే ట్యాంకరు పైసలు మిగులుతాయి.

2019 తెలంగాణ మున్సిపల్ చట్టం మున్సిపాలిటీల బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంది. మంచిదే. నాటిన మొక్కలెన్నని కాక, మూడు ఎండాకాలాలు దాటినవి ఎన్నని లెక్కపెడితే ఇంకా మంచిది. మన పిల్లలమర్రి మానుకు చెదలు పడితే 2018లో మనిషికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ముసలి చెట్టుకు వైద్యం ఖర్చే, కానీ అంతటి మానును కొనుక్కొచ్చే అంగడి ఎక్కడుంది?

గేటు మళ్లీ తెరిచారు. లోపలి వేపచెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి బయటికి వంగింది. జావ గిన్నె సరిగ్గా దాని కిందే ఉంటుంది. నీడ జరిగినప్పుడల్లా ఆమె గిన్నెను కూడా జరుపుకుంటుంది.